మూడు రోజులు ముట్టని కాగితం

కుక్క కరిస్తే సూదిమందుంది. తేలు కుడితే మంత్రమైనా ఉంది. శిక్షణకి వెళ్ళొచ్చిన అధికారి కరిస్తే మాత్రం మందూ లేదు, మంత్రమూ లేదు. ఊరు ఊరంతా పడాల్సిందే. సింగన్నపేట మునిసిపాలిటీలో రికార్డు గది చూసే కంచరాన వరాలమ్మకి ఈ సంగతి ఇరవైయేడేళ్ళ సర్వీసులో పదకొండుమంది కమిషనర్లు నేర్పి వెళ్ళారు. పన్నెండో ఆయన చిద్విలాసరావు గారు.

ఆయన అయిదు రోజుల శిక్షణకి వెళ్ళి నాలుగున్నర రోజులు హాయిగా నిద్రపోయాడు. ఊరి ఖర్మ కాలి, మూడో రోజు భోజనంలో సాంబారు కారమెక్కువై, ఆ ఒక్క మధ్యాహ్నం మెలకువగా ఉన్నాడు. సరిగ్గా ఆ పూటే ఎవరో ఇంజనీరు లేచి, కంప్యూటరు లోపల కెర్నెల్ అనే పెద్దమనిషి కాపరం ఎలా దిద్దుకుంటాడో చెప్పాడు. మెమరీ అంటే పనిచేసే బల్లట. బల్ల మీద చోటు తక్కువ. అందుకని కెర్నెల్ గారు వాడుకలో ఉన్నవే బల్ల మీద ఉంచుకుంటాడు. మాటిమాటికీ కావలసినవి చేతికందే అరలో పెట్టుకుంటాడు, దాన్ని కాష్ అంటారు. చాలాసేపు ముట్టనివాటిని దూరంగా ఉన్న గోడౌనులోకి తోసేస్తాడు, కావలిస్తే మళ్ళీ తెప్పించుకుంటాడు, దాన్ని స్వాపింగ్ అంటారు. ఇదంతా చిద్విలాసరావు గారు శ్రద్ధగా రాసుకున్నాడు. "ఇలా సెకనుకి కొన్ని వేలసార్లు జరుగుతుంది" అని ఇంజనీరు చెప్పిన ముక్క దగ్గర మాత్రం ఆయనకి మళ్ళీ కునుకు పట్టేసింది.

తిరిగొచ్చిన సోమవారమే సిబ్బందిని హాల్లోకి పిలిచాడు.

"మన కార్యాలయాన్ని కెర్నెల్ సూత్రాల ప్రాతిపదికన పునర్వ్యవస్థీకరించడం జరుగుతుంది. ప్రతి టేబులు మీదా ఆరు ఫైళ్ళకి మించి ఉండరాదు. మూడు పనిదినాలు ఎవరూ ముట్టని ఏ వస్తువునైనా, ఏ ఒక్కదానికీ మినహాయింపు లేకుండా, గోడౌనుకి స్వాప్ చేయడం జరుగుతుంది. కావలసినవారు చీటీ రాసి తెప్పించుకోవలెను. ఒకటి వస్తే ఒకటి పోవలెను. నోటిమాటగా ఎవరూ ఎవరినీ ఏదీ అడగరాదు."

"గోడౌను ఎక్కడండీ?" అని అడిగింది వరాలమ్మ.

"పాత ఐసు ఫ్యాక్టరీ."

పాత ఐసు ఫ్యాక్టరీ ఊరికి తొమ్మిది కిలోమీటర్లు. మూతపడి పదేళ్ళయింది. అక్కడికీ ఇక్కడికీ తిరగడానికి ఆయన చెత్త ట్రాక్టరు కేటాయించాడు. పొద్దున్న ఎనిమిది దాకా చెత్త, ఆ తర్వాత ఫైళ్ళు. మధ్యలో కడగమని ఉత్తర్వులో లేదు కాబట్టి ఎవరూ కడగలేదు.

ఈ వైభోగానికంతటికీ అధిపతిగా సూపరింటెండెంటు పేరి భీమశంకరాన్ని వేశారు. భీమశంకరం మంచివాడే. కానీ ఉత్తర్వు చేతిలో పెడితే ఆ మనిషికి కళ్ళు కనపడవు. పై అధికారి "కూచో" అంటే కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా కూచునే రకం. వెంటనే ఒక పెద్ద రిజిస్టరు తెరిచి, ఆఫీసులో ప్రతి వస్తువుకీ ఒక గడి గీసి, ఎవరు ఎప్పుడు ముట్టుకున్నారో టిక్కులు పెట్టడం మొదలుపెట్టాడు.

మొదటి వారం అంతా పెళ్ళివారి విడిదిలా ఉంది. టేబుళ్ళు తుడిచిన అద్దాల్లా మెరిసిపోయాయి. కమిషనరు గారు వాటికి ఫొటోలు తీయించి పైకి పంపాడు. చేతికందే కాష్ అరలో ఏం పెట్టాలా అని భీమశంకరం లెక్క తీశాడు. ఆఫీసులో మాటిమాటికీ చేతులు మారే కాగితాలు రెండే రెండని తేలింది. ఒకటి కమిషనరు గారి సన్మానాల ఆల్బమ్. రెండోది మధ్యాహ్నం టిఫిన్ల జాబితా. ఆ రెండింటికీ అద్దాల బీరువా ఇచ్చారు. జననాలు, మరణాలు, మంచినీళ్ళ కుళాయిలు, ఇళ్ళ ప్లాన్లు చెత్త ట్రాక్టరెక్కి ఊరి చివరికి పోయాయి. మధ్యలో మూడు రోజులు కరెంటు పోతే, ఆ మూడు రోజులూ ఎవరూ ముట్టలేదని ఆఫీసు కంప్యూటరు కూడా ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది. కెర్నెల్ పేరు చెప్పి కంప్యూటర్నే గెంటేసిన ఆఫీసు భూప్రపంచంలో మరొకటి ఉంటే నాకు చూపించండి, దండేసి దండం పెడతాను.

రెండో వారానికి అసలు సంబరం మొదలైంది. కుళాయి గుమాస్తాకి ఒక ఫైలు కావాలి. అది రావాలంటే తన టేబులు మీది ఫైలొకటి పోవాలి. పోయిన ఫైలు ఇంజనీరింగు వాళ్ళకి కావాలి. వాళ్ళు చీటీ రాస్తే వాళ్ళదొకటి పోతుంది. అది పన్నుల వాళ్ళకి కావాలి. పైగా కమిషనరు గారు తన నోటుబుక్కులోంచి మరో సూత్రం వెతికి తీశాడు. ఒకటి అడిగితే దాని పక్కవి కూడా ముందుచూపుతో తెచ్చిపెట్టాలట, రేపు అవే అడుగుతారట! దాంతో ట్రాక్టరు పొద్దున్నించి సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంది. ఫైళ్ళు ఆఫీసులోనూ లేవు, గోడౌనులోనూ లేవు. అన్నీ రోడ్డు మీదే ఉన్నాయి.

"పని ఎలా జరుగుతోంది?" అని కమిషనరు గారు అడిగాడు.

"ఊపిరాడటం లేదు సార్" అన్నాడు భీమశంకరం. నిజమే చెప్పాడు. పదహారు ట్రిప్పులు.

"భేష్" అన్నాడాయన.

ఎవరో చెప్పగా తనకి తానే మినహాయింపు ఇచ్చుకుంటూ ఒక సర్క్యులరు కూడా తయారు చేయించాడు. "కెర్నెల్ స్వయంగా ఎన్నడూ స్వాప్ కాదు. కమిషనరే కెర్నెల్" అని అందులో ఉంది. సంతకానికి ఆయన టేబులు మీద పెట్టారు. ఆ వారం రెండు సన్మానాలు, ఒక రిబ్బను కత్తిరింపు ఉండటం వల్ల తీరిక చిక్కలేదు. మూడు రోజులయ్యాక భీమశంకరం గడి చూసి, ఆ సర్క్యులర్ని కూడా గౌరవంగా ట్రాక్టరెక్కించాడు.

ఇంత గందరగోళంలోనూ ఆఫీసు ఏదో కాస్త కుంటుతూ నడిచిందంటే అది వరాలమ్మ తల మహిమ. ఏ రిజిస్టరు ఏ గోనెసంచిలో కట్టారో, ఏ సంచి ఏ ట్రిప్పులో పోయిందో ఆమెకి తెలుసు. జనం చాటుగా వచ్చి చెవిలో అడిగేవారు. ఆమె పెదవి కదపకుండా చెప్పేది. గుమాస్తాలూ అదే పని. భీమశంకరం కూడా రెండుసార్లు అడిగాడు, అడిగాక తన రిజిస్టర్లో తనమీదే రెండు టిక్కులు పెట్టుకున్నాడు.

అలాంటి రోజుల్లో ఒక సోమవారం సీపాన తవుడమ్మ వచ్చింది. బస్టాండు ముందు ఇడ్లీబండి ఆమెది. వచ్చీరాగానే వరాలమ్మతో అక్క వరస కలిపేసింది.

"అప్పా, మా గౌరికి శుక్రవారం పొద్దున్న పరుగు పందెం. జిల్లాకంతటికీ. పదారేళ్ళ లోపోలకేనట. దానికింకా పదారు నిండనేదు. కానీ బళ్ళో ఏసిన తేదీ పెకారం పదిహేడు దాటీసింది. ఆయేల మాస్టారు ఐదేళ్ళు నిండితేగానీ సేర్చుకోనన్నారు, సరే ఏదో ఒకటి ఎయ్యండి బాబూ అన్నాను. ఆయన జూన్ నెల్లో ఓ తారీకు ఏసీసేరు. ఇప్పుడు పుట్టిన కాగితం సూపించకపోతే గీత దగ్గర నిలబడనివ్వరట!"

"పిల్ల బాగా పరిగెడుతుందా?"

"బాగానా! మా బండి కాడినుంచి రైలుగేటు దాకా పాల ఆటోని దాటీసిందప్పా. నెగ్గితే ఆటల హాస్టల్లో సీటిస్తారట. మూడేళ్ళై తెల్లారగట్లే లేచి ఉరుకుతోంది. ఈ ఏడు పోతే మరి దానికి వయసుండదు."

వరాలమ్మకి ఆ పుట్టుక గుర్తే. తుఫాను వారం, ఆసుపత్రి వరండాలో మోకాలి లోతు నీళ్ళు, ఆ వారం పుట్టిన పిల్లలు నలుగురే. ఆ ఏటి మూడో సంపుటం, నూట పన్నెండో పేజీ, కింద నుంచి రెండో వరస. కళ్ళు మూసుకుంటే సిరా మరకతో సహా కనపడింది. గట్టిగా చెయ్యి చాపితే అందేంత దగ్గరగా ఉన్నట్టే ఉంది, కానీ తొమ్మిది కిలోమీటర్ల అవతల ఉంది. ఆమెకి ఒళ్ళు మండింది. చీటీ రాసింది.

మంగళవారం సాయంత్రం ట్రాక్టరొచ్చింది. భీమశంకరం వరసగా దింపించాడు. ముందుచూపు సూత్రం ప్రకారం మొదటి సంపుటం వచ్చింది, రెండోది వచ్చింది, నాలుగూ అయిదూ వచ్చాయి. టేబులు మీద అప్పటికే రెండున్నాయి. ఆరయ్యాయి.

"మూడోది?" అంది వరాలమ్మ.

"వచ్చిందమ్మా, ట్రాక్టర్లోనే ఉంది. టేబులు నిండిపోయింది కదా, వెనక్కి పంపుతున్నాను."

"ఓరి నాయనో! భీమశంకరం గారూ, నాక్కావలసింది అదొక్కటేనండీ! ఈ నాలుగూ పంపేసి దాన్ని దింపండి."

"ఇవి ఇప్పుడే వచ్చినవి. ముట్టుకుని రెండు నిమిషాలు కాలేదు. అది ముట్టి మూడేళ్ళయింది. ఏది పోవాలో మీరే చెప్పండి" అన్నాడు ఆ మహానుభావుడు, ఎంతో న్యాయంగా. వరాలమ్మ కళ్ళ ముందే మూడో సంపుటం అరటితొక్కల మధ్య కూచుని మళ్ళీ బయల్దేరిపోయింది.

బుధవారం రిజిస్ట్రారు పోయాడు. పోవడమంటే ప్రాణంతోనే. జనన ధ్రువపత్రం మీద సంతకం పెట్టాల్సిన డాక్టర్ ఇమ్మానియేలు గారు రిజిస్టర్లు లేక మూడు రోజులుగా గోళ్ళు చూసుకుంటూ కూచున్నాడు. "ఏ వస్తువునైనా" అన్న మాటలోకి మనుషులు కూడా వస్తారా అని భీమశంకరం సందేహపడి కమిషనరు గారిని అడిగాడు. "మానవ వనరు మాత్రం వనరు కాదా?" అని ఆయన ఎదురడిగాడు. అంతే, డాక్టరు గారు తన టిఫిన్ క్యారియరు పట్టుకుని ట్రాక్టరెక్కాడు. ఆయన లేకపోతే ముద్రతో ఎవరికి పని? ధ్రువపత్రాల పుస్తకంతో ఎవరికి పని? అవీ వెళ్ళాయి.

గురువారం పొద్దున్న క్యూ పోయింది. మూడు రోజులుగా కదలకుండా నిలబడ్డ ఇరవైయొక్కమంది జనాన్ని భీమశంకరం లెక్కపెట్టి, గడులు గీసి, టిక్కులు లేవని నిర్ధారించుకుని, "దయచేసి ఎక్కండి" అన్నాడు. వాళ్ళలో తవుడమ్మ నాలుగోది.

"అప్పా, నన్నెక్కడికి తీస్కెళ్తన్నారు?" అని అరిచింది తవుడమ్మ ట్రాక్టరు మీంచి.

"భయపడకు, నీ కాగితం ఉన్నచోటికే!" అని వరాలమ్మ వెనకాలే రెండడుగులు పరిగెత్తింది. తర్వాత రికార్డు గదిలోకి వెళ్ళి ఖాళీ ర్యాకులకేసి చూస్తూ కోపంతో కాసేపు ఏడ్చింది. రేపు పొద్దున్న ఎనిమిదికి పందెం. అక్కడ కాగితాలున్నాయి, డాక్టరున్నాడు, తల్లి ఉంది. నూట పన్నెండో పేజీ ఏ సంచిలో ఉందో తెలిసినది తనొక్కతే, తనేమో ఇక్కడుంది. తనని పంపరు. రోజుకి నలభైమంది వచ్చి అడిగే మనిషిని మూడు రోజులు ముట్టలేదని ఎవరంటారు?

సరిగ్గా పన్నెండింటికి కమిషనరు గారి నుంచి కబురొచ్చింది. వెళ్ళేసరికి ఆయన ముందు భీమశంకరం రిజిస్టరు తెరిచి ఉంది.

"వరాలమ్మా, గడచిన మూడు రోజుల్లో నూట ముప్పైమంది నిన్ను నోటిమాటగా సంప్రదించినట్టు నమోదైంది. అంటే ఈ కార్యాలయపు జ్ఞాపకశక్తి మొత్తం నీ ఒక్క తలలో పోగుపడి ఉంది. అవునా, కాదా?"

"వేరేచోట చోటు లేకపోయింది సార్."

"కెర్నెల్ శాస్త్రంలో దీనికి ఖచ్చితమైన నివారణ ఉంది. మెమరీ పూర్తిగా నిండి వ్యవస్థ స్తంభించే విపత్కర పరిస్థితిలో, ఎవరు అత్యధిక మెమరీని ఆక్రమించి ఉన్నారో గుర్తించి, వారిని తక్షణం తొలగించవలెను. తద్వారా కార్యాలయం తేలికపడును. నిన్ను గోడౌనుకి తొలగించడం జరుగుతోంది."

ఆ మనిషి తన చేత్తో తనే రొట్టె విరిచి నేతిలో వేస్తుంటే మధ్యలో మాట్లాడటం దేనికనుకుంది వరాలమ్మ.

"చిత్తం సార్. ఒంటిగంట ట్రిప్పుకి వెళ్ళమంటారా?"

"తక్షణం అన్నాను కదా" అన్నాడాయన, సన్మానంలో మాట్లాడినట్టు గంభీరంగా.

ఐసు ఫ్యాక్టరీ తలుపు తోసేసరికి వరాలమ్మకి నవ్వాగలేదు. మునిసిపాలిటీ అంతా అక్కడే ఉంది. ఐసు గడ్డలు పెట్టే తొట్ల మధ్య డాక్టర్ ఇమ్మానియేలు కుర్చీలో కునుకు తీస్తున్నాడు. పక్కనే ముద్ర, సిరా పలక. కంప్యూటరు మీద ఎవరో తువ్వాలు ఆరేశారు. కుళాయి గుమాస్తాలిద్దరు, ఇళ్ళ ప్లాన్ల ఆయన చాప మీద పడుకుని ఉన్నారు. గోడ వారగా ఇరవైయొక్కమంది జనం. ఊళ్ళో పనికొచ్చేదంతా ఎవరికీ పనికిరానిదని ముద్ర వేయించుకుని ఇక్కడికి చేరింది.

"లేవండి డాక్టరు గారూ" అంది వరాలమ్మ, చీర కుచ్చిళ్ళు బిగించుకుని. "తొమ్మిదో తొట్టి, నీలం గోనెసంచి, అడుగున."

మూడో సంపుటం వచ్చింది. నూట పన్నెండో పేజీ వచ్చింది. కింద నుంచి రెండో వరసలో సీపాన గౌరి ఆ సిరా మరక పక్కనే, పదహారేళ్ళకి రెండు నెలలు తక్కువగా ఉంది. ధ్రువపత్రం రాయడానికి ఏడు నిమిషాలు, సంతకానికి అర నిమిషం, ముద్రకి అంతకంటే తక్కువ. తవుడమ్మ దాన్ని కొంగులో చుట్టి, రవికలో దోపి, వరాలమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఊళ్ళోకి వెళ్ళే ఇటుకల లారీ ఆపి ఎక్కేసింది.

మిగతా ఇరవైమంది లేచి నిలబడ్డారు. సాయంత్రానికి ఇరవై పనులూ అయిపోయాయి.

చెడ్డకబురుకి చెప్పులక్కర్లేదు. సాయంత్రం అయిదింటి ట్రాక్టరు డ్రైవరు ద్వారా ఆఫీసుకి తెలిసిపోయింది. చిద్విలాసరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"గోడౌనులో పని జరిగిందా? స్వాప్ అయినది నిద్రాణస్థితిలో ఉండవలెను! అక్కడ అమలైన ఏ పనీ చెల్లదు. ఆ పిల్ల ధ్రువపత్రాన్ని తక్షణం రద్దు చేయడం జరుగుతుంది."

శుక్రవారం గౌరి పరిగెత్తింది. నెగ్గింది. రెండో పిల్ల గీత దాటేసరికి ఈ పిల్ల నీళ్ళు తాగుతోందని తవుడమ్మ ఊరంతా చెప్పుకుంది. కానీ పందెంవాళ్ళకో నిబంధన ఉంది. వయసు మీద అభ్యంతరాలుంటే సోమవారం సాయంత్రం అయిదింటి దాకా తీసుకుంటారు. ఈలోగా ధ్రువపత్రం రద్దయిందని ఆఫీసు నుంచి ఉత్తరం వస్తే, పతకం వెనక్కి, హాస్టలు సీటు వెనక్కి.

ఉత్తరం ఎంత, నాలుగు వాక్యాలు. అందులో ధ్రువపత్రం నంబరు వెయ్యాలి. నంబరు, ధ్రువపత్రం చింపి ఇచ్చాక పుస్తకంలో మిగిలే కౌంటరు ముక్క మీద ఉంటుంది. కౌంటరు ముక్క ఐసు ఫ్యాక్టరీలో ఉంది.

"నేను ఫోను చేసి వరాలమ్మని అడుగుతాను సార్" అన్నాడు భీమశంకరం.

"నోటిమాటా? నా ఉత్తర్వులకి నేనే తూట్లు పొడుస్తానా? చీటీ రాయి!"

శుక్రవారం చీటీ వెళ్ళింది. కౌంటరు ముక్కతో పాటు ముందుచూపుగా దానికి అటు రెండు పుస్తకాలు, ఇటు రెండు పుస్తకాలు వచ్చాయి. కమిషనరు గారి టేబులు మీద సన్మానపత్రాలు అయిదున్నాయి. మొదట దింపిన పుస్తకంతో ఆరు. కావలసింది వెనక్కి వెళ్ళిపోయింది. శనివారం మళ్ళీ చీటీ. ఈసారి కూడా అదే వరస. ఈ రెండు రోజులూ ఆయన మరో కాగితం ముట్టలేదు, మరో మనిషిని పలకరించలేదు. ఒక ఇడ్లీలమ్మే ఆవిడ కూతురి పతకం ఊడబెరకాలన్న ఏకాగ్రతతో తపస్సు చేశాడు. ఆ పట్టుదల ఊరి కాలవల మీద చూపించి ఉంటే సింగన్నపేటలో దోమ అన్నది ఉండేది కాదు. అటు ఐసు ఫ్యాక్టరీ ముందు మాత్రం జనం బారులు తీరారు. టీకొట్టు వెలిసింది. తవుడమ్మ ఇడ్లీబండి కూడా అక్కడికే మారింది.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి కమిషనరు గారు గదిలో ఒంటరిగా కూచుని గుమ్మంకేసి చూస్తున్నాడు. మూడోసారి చీటీ వెళ్ళింది, తొందర కోసం ఇవాళ రెండో ట్రాక్టరు కూడా పెట్టించాడు. ఈసారి సన్మానపత్రాలన్నీ తీయించి టేబులు ఖాళీగా ఉంచాడు. ఇంక రావడమే తరువాయి. తలుపు తెరుచుకుంది. భీమశంకరం తన రిజిస్టరు పట్టుకుని వినయంగా వంగాడు.

"సార్, తమ గడి చూశానండి. శుక్రవారం లేదు, శనివారం లేదు, ఇవాళా లేదు. మూడు రోజులుగా తమతో ఎవరికీ పని పడలేదండి."

"అయితే?"

"ట్రాక్టరు కింద సిద్ధంగా ఉందండి."

"మతిపోయిందా! కెర్నెల్ స్వాప్ అవదు! నాకు మినహాయింపు సర్క్యులరుంది!"

"ఉండేదండి. తమరు సంతకం పెట్టలేదు. అది పోయిన నెలలోనే వెళ్ళిపోయిందండి. కావాలంటే చీటీ రాయండి, తెప్పిస్తాను" అన్నాడు భీమశంకరం. ఆ మనిషి గొంతులో వెటకారం ఇసుమంతైనా లేదు. వెటకారం ఉండి ఉంటే కసిరి పంపేయవచ్చు, నియమం కాబట్టి లేవాల్సొచ్చింది. ఆ మూడు రోజుల ఉత్తర్వు కింద సంతకం తనదే మరి. "మినహాయింపు లేకుండా" అన్న మాటకింద గీత కూడా తనే గీశాడు.

నాలుగుంపావుకి ట్రాక్టరు ఐసు ఫ్యాక్టరీ ముందు ఆగింది. కమిషనరు గారు దిగి, ప్యాంటుకంటుకున్న కొబ్బరిపీచు దులుపుకుని, జనాన్ని తోసుకుంటూ లోపలికొచ్చాడు.

"వరాలమ్మా! ఆ కౌంటరు ముక్క! త్వరగా! ఇంకా నలభై అయిదు నిమిషాలుంది!"

వరాలమ్మ ఒక ముసలాయనకి కుళాయి కాగితం చదివి వినిపిస్తోంది. ఆ వాక్యం పూర్తిచేసి తలెత్తింది.

"తమరి చీటీ అందింది సార్. ఆలస్యం చెయ్యకూడదని మూడున్నర ట్రిప్పులో ఆఫీసుకి పంపేశాను. ఇవాళ రెండు ట్రాక్టర్లు కదా, రైలుగేటు దగ్గర తమకి ఎదురై ఉండాలే."

చిద్విలాసరావు గారు వెనక్కి తిరిగాడు. ఆయన్ని దింపిన ట్రాక్టరు అప్పటికే దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. మళ్ళీ ట్రిప్పు అయిదున్నరకి.

"అదిగో, ఆ బల్ల చివర కూచోండి సార్" అంది వరాలమ్మ, ముసలాయన కాగితం మీదికి తల దించుకుంటూ. "ఎవరికైనా తమతో పనిబడితే పిలుస్తాం."